మా అత్తగారి నవ్వు

మా కోడలి ఫోనులో నా పేరు 'సూర్యకాంతం'.

ఈ సంగతి మొన్నటిదాకా నాకు తెలీదు. కింద వీధిలోకి కూరల బండి వస్తే బెండకాయల కోసం దిగాను. చిక్కుడుకాయలు కూడా లేతగా కనిపించాయి. తీసుకోనా వద్దా అని అడగడానికి పైకి ఫోన్ చేశాను. కోడలు వంటింట్లో ఉంది కాబోలు, ఫోను మా మనవడి చేతికి దొరికింది. వాడికి ఈమధ్యే కూడబలుక్కుని చదవడం వచ్చింది. కనిపించిన ప్రతి బోర్డూ చదివి వినిపిస్తే గాని ఊరుకోడు.

"అమ్మా! సూ...ర్య...కాం...తం! ఎవరో సూర్యకాంతం ఫోన్ చేస్తోందే!" అని వాడు పెట్టిన కేక నాకు ఫోన్లోంచీ వినిపించింది, మూడో అంతస్తు బాల్కనీలోంచీ వినిపించింది. బండి అబ్బాయి చిక్కుళ్ళు తూచడం ఆపి నాకేసి ఎగాదిగా చూశాడు.

నేను పైకి వచ్చేసరికి కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అదికాదత్తయ్యా... ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో... సరదాకి..." అని నీళ్ళు నములుతోంది. నేను సంచీ కింద పెట్టి, కుర్చీలో కూలబడి నవ్వడం మొదలెట్టాను. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. పాపం, తిడితే తట్టుకునేదేమో గాని, నవ్వేసరికి పిల్ల మరీ హడలిపోయింది.

"కూర్చో. నీకొక ఉత్తరం సంగతి చెబుతాను" అన్నాను. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

నా పెళ్ళి 1970లో అయింది. అత్తవారిది తాడేపల్లిగూడెం. పెళ్ళయ్యాక మా వారు నాతో మొట్టమొదట అన్న మాటేమిటో తెలుసా? "మా ఊళ్ళో రేలంగిగారి సినిమా హాలుంది." కొత్త పెళ్ళికొడుకు నోటినుంచి ఇంకేదో వినాలని కూర్చున్న నాకు, దానికి ఏం జవాబు చెప్పాలో తోచలేదు. "ఓహో" అన్నాను. తరవాత తెలిసింది, అది మా వారొక్కరి జబ్బు కాదని. ఆ ఏడాదే రేలంగి వెంకటరామయ్యగారికి పద్మశ్రీ వచ్చింది. ఆయన కట్టించిన రేలంగి చిత్రమందిర్ ఊళ్ళోనే ఉంది. బిరుదు వచ్చింది ఆయనకైనా, కాలరెత్తుకు తిరిగింది ఊళ్ళో మగవాళ్ళందరూను.

ఆడవాళ్ళ సంగతి వేరు. మా అత్తగారి దగ్గర ఒక సామెత ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "నవ్వు నాలుగు విధాల చేటు." ఆ నాలుగు విధాలేమిటో ఆవిడ చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. కాపురానికి వెళ్ళిన నాలుగోరోజున పెరట్లో మేక ఒకటి మామగారి ఉత్తరీయం నములుతుంటే చూసి పకాలున నవ్వాను. సావిట్లోంచి మామగారి దగ్గు వినిపించింది. మా అత్తగారు నావంక ఒక్క చూపు చూశారు. అంతే, నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఉత్తరీయాన్ని మాత్రం మేక పూర్తిచేసింది.

అదేమిటో మరి, సాయంకాలం అరుగు మీద మగవాళ్ళు పేకాడుకుంటూ వీధి చివరికి వినపడేలా నవ్వుకునేవారు. ఆ నవ్వుకి ఏ చేటూ లేదు. చేటంతా వంటింట్లో నవ్వుకే.

పైగా ఆవిడ చండశాసనురాలు. కాఫీపొడి డబ్బా అలమారులో, అలమారు తాళంచెవి ఆవిడ బొడ్లో. పూటకోసారి తీసి, చెంచాతో కొలిచి, మళ్ళీ తాళం వేసేవారు. పుట్టింట్లో రోజుకి నాలుగు కాఫీలు తాగిన దాన్ని. పద్ధెనిమిదేళ్ళ పిల్లకి ఇంతకన్న కష్టం ఏముంటుందో మీరే చెప్పండి! ఒకనాటి మధ్యాహ్నం తలనొప్పితో కూర్చుని మా అక్కయ్యకి ఇన్‌లాండు లెటరు రాశాను. "మా ఇంట్లో సాక్షాత్తూ సూర్యకాంతం ఉందే అక్కా. సినిమాలో సూర్యకాంతానికైతే మూడు గంటల్లో బుద్ధొస్తుంది. ఇక్కడ ఇంటర్వెల్ కూడా లేదు" అని రాసి, ఎంతో గొప్ప మాట రాసినట్టు మురిసిపోయాను.

మడిచి అంటించబోతుండగా పాలవాడు పిలిచాడు. పాలు పొయ్యిమీద పెట్టి, పొంగు వచ్చేదాకా నిలబడి, తిరిగివచ్చేసరికి ఉత్తరం కిటికీలో పెట్టింది పెట్టినట్టే ఉంది. కాని అంటించి ఉంది.

నేను అంటించలేదు.

మా అత్తగారు అయిదో తరగతి దాకా చదువుకున్నారు. నవలలు కూడా చదివేవారు. ఆ సాయంత్రం ఆవిడ నన్ను పన్నెత్తి ఒక్కమాట అనలేదు. మర్నాడూ అనలేదు. అంటే బాగుండునని నాకనిపించింది. పది రోజులు నేను అన్నం తిన్నానో, భయం తిన్నానో చెప్పలేను.

పదకొండో రోజున ఆవిడ జడ వేసుకుంటూ, "అమ్మాయ్, 'గుండమ్మ కథ' మళ్ళీ వచ్చిందిట. రేపు మ్యాట్నీకి వెళ్దాం. అబ్బాయితో చెప్పాలే, మనిద్దరమే" అన్నారు. నా గుండె గుభేలుమంది. ఊళ్ళో అన్ని సినిమాలుండగా ఆ సినిమాయే ఎందుకు?

'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు ఇంతమంది ఉన్నారు. అయినా సినిమాకి పేరు ఎవరిది? గుండమ్మది. తెర మీద అంతమంది మహామహుల్ని నిలబెట్టి, ఒక గయ్యాళి పేరు పైన పెట్టారంటే ఆవిడ ఎంతటిదో ఊహించండి. ఆడవాళ్ళ వైపు బెంచీలో మేమిద్దరం కూర్చున్నాం. దీపాలు ఆర్పారు. సూర్యకాంతం ఎడమచెయ్యి తిప్పుతూ నోరు విప్పింది. నా పక్కనుంచి ఏదో చప్పుడు వచ్చింది. మొదట దగ్గనుకున్నాను. చూద్దును గదా, మా అత్తగారు నవ్వుతున్నారు! చెంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కుదిలిపోతూ, ముందు బెంచీ పట్టుకుని మరీ నవ్వుతున్నారు. రమణారెడ్డి గంటన్నయై వచ్చి, పుల్లలా అటూ ఇటూ ఊగిపోతూ ఆ ఇంటికి అగ్గి పెడుతుంటే, చెంగు వదిలేసి పైకే నవ్వారు. కొంతసేపటికి నేను తెర మానేసి ఆవిణ్ణే చూడటం మొదలెట్టాను. నలభై అయిదేళ్ళ మనిషి, ఆ చీకట్లో పదిహేనేళ్ళ పిల్లలా ఉన్నారు.

చుట్టూ చూస్తే బెంచీలన్నీ అంతే. ఊళ్ళో ఇళ్ళల్లో దాచిపెట్టిన నవ్వంతా అక్కడ కుమ్మరించినట్టుంది.

ఆట వదిలాక రిక్షా ఎక్కాం. కొంతదూరం వెళ్ళాక ఆవిడ రోడ్డుకేసి చూస్తూనే అన్నారు: "ఆవిడలా చెయ్యి తిప్పుతూ తిట్టడం నావల్ల కాదమ్మా. నన్ను ఆవిడతో పోల్చి, ఆవిణ్ణి తక్కువ చేశావు."

నేను తల దించుకున్నాను. రిక్షాలోంచి దూకేసి మా ఊరికి పారిపోదామా అనిపించింది.

"నాకూ ఒక అత్తగారుండేది" అన్నారు మళ్ళీ తనే. "ఆవిడకి పేరు పెడదామంటే, అప్పటికింకా సూర్యకాంతం సినిమాల్లోకి రాలేదు."

అని ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను. నడివీధిలో, పట్టపగలు, అత్తాకోడళ్ళం ఇద్దరం పడీపడీ నవ్వుతుంటే రిక్షా అతను వెనక్కి తిరిగి చూశాడు. ఇల్లు దగ్గరపడేసరికి ఆవిడ చెంగు సవరించుకుని, మొహం మామూలుగా పెట్టేసుకున్నారు. నేనూ పెట్టేసుకున్నాను. మర్నాటి నుంచి కాఫీపొడి డబ్బాకి తాళం లేదు. పంచదార డబ్బాకి మాత్రం ఉంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

ఆ తరవాత నేను సూర్యకాంతంగారి గురించి ఎక్కడ ఏం దొరికినా చదివేదాన్ని. ఆవిడది కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురం. 1924లో పుట్టారు. 1946లో 'నారద నారది'తో మాటలున్న వేషం దొరికింది. ఆవిడకీ నాయికగా వెయ్యాలనే ఉండేది. 'సౌదామిని'లో ఆ వేషం చేతిదాకా వచ్చింది కూడా. ఇంతలో కారు ప్రమాదంలో మొహానికి దెబ్బ తగిలింది. వేషం జారిపోయింది. తరవాత 'సంసారం' (1950)లో గయ్యాళి అత్త వేషం ఇచ్చారు. అప్పటికి ఆవిడకి 26 ఏళ్ళు! ఆ వయసులో మనం ఇంకా అత్తగారిని చూసి వణుకుతుంటాం. ఆవిడ అప్పుడే తెలుగుదేశానికంతటికీ అత్తగారైపోయారు. గుండమ్మ వేసిననాటికైనా నలభై నిండలేదు.

ఆవిడతో పనిచేసిన వాళ్ళందరూ ఒకటే చెబుతారు. షూటింగుకి వచ్చేటప్పుడు ఇంటినుంచి రకరకాల పిండివంటలు చేయించి తెచ్చి, అందరికీ దగ్గరుండి తినిపించేవారట. తెరమీద కోడలికి గంజినీళ్ళు పోసిన మనిషి, తెర వెనక ఊరందరికీ అన్నం పెట్టింది. మనం మాత్రం తెరమీది మాటే నమ్మాం. సూర్యకాంతమంటే ఎండ తగిలితే నిప్పు పుట్టించే మణి. ఎంత అందమైన పేరు! అలాంటి పేరు ఆడపిల్లలకి పెట్టుకోవడమే మానేశారు తెలుగువాళ్ళు. ఒక మనిషి తన పని అంత బాగా చేసినందుకు దొరికిన బహుమానం చూడండి.

నేను ఆ ఉత్తరంలో చేసిన పనీ అదే.

ఆ మ్యాట్నీ మొదలు, నెలకోసారి మేమిద్దరం సినిమాకి వెళ్ళడం ఆనవాయితీ అయింది. పాత సినిమా ఎక్కడ వేసినా వదలలేదు. మా అత్తగారికి కథ అక్కర్లేదు, పాటలు అక్కర్లేదు. "రేలంగి ఉన్నాడా?" అని అడిగేవారు. ఉన్నాడంటే చెప్పులు తొడుక్కునేవారు.

రేలంగి ఎందుకంత ఇష్టమో చాలా రోజులు నాకు అర్థం కాలేదు. ఒకసారి 'తోడికోడళ్ళు' చూసి వస్తూ అడిగాను. 1957 నాటి ఆ సినిమాలో ఆయనా సూర్యకాంతమూ మొగుడూ పెళ్ళాలు. మా అత్తగారు కాస్త ఆలోచించి అన్నారు: "మనింట్లో మగవాణ్ణి చూసి ఎప్పుడైనా నవ్వామా? నవ్వనిస్తారా? అతనొక్కడే పాపం, 'నన్ను చూసి నవ్వండమ్మా' అని ఎదురుగా నిలబడతాడు."

ఆ మాట విన్నాక నేను రేలంగిని చూసే చూపే మారిపోయింది. నిజమే. పెళ్ళానికి భయపడతాడు, దెబ్బలు తింటాడు, కోతలు కోసి దొరికిపోతాడు. 'మిస్సమ్మ' (1955)లో దేవయ్యగా ముష్టెత్తుతాడు. 'మాయాబజార్' (1957)లో దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడు. 46 ఏళ్ళ వయసులో ఆ బొజ్జతో, ఆ నగలతో పెళ్ళికొడుకై, మాయా శశిరేఖ చేతిలో అతను పడే అవస్థ చూస్తే కడుపు చెక్కలయ్యేది. పెళ్ళిపీటల మీద పెళ్ళికూతురు పెళ్ళికొడుకుని హడలెత్తించడం మన జన్మలో చూశామా? తలవంచుకుని తాళి కట్టించుకున్న ఆడవాళ్ళందరూ ఆ చోట ఎందుకంతగా నవ్వేవారో ఇప్పుడు తెలుస్తుంది.

ఆ స్థానానికి ఆయన అల్లాటప్పాగా రాలేదు. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో ఆడవేషాలు కూడా వేశారు. 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'తో సినిమాలోకి వచ్చారు. వచ్చారన్న మాటే గాని, ఆ తరవాత ఏళ్ళ తరబడి సి. పుల్లయ్యగారి దగ్గర చిన్నాపెద్దా పనులు చేసుకుంటూ, దొరికిన చిల్లర వేషం వేసుకుంటూ గడిపారు. 1949లో 'గుణసుందరి కథ' వచ్చి జనం నోట్లో పేరు పడేసరికి ఆయనకి 39 ఏళ్ళు. పధ్నాలుగేళ్ళు ఎదురుచూడటమంటే మాటలా? ఆ తరవాత మూడు వందలకు పైగా సినిమాలు. తన పాటలు కొన్ని తనే పాడుకున్నారు కూడాను.

ఆ 'గుణసుందరి కథ'లోనే ఇంకొకరున్నారు, కస్తూరి శివరావు. అందులో ఆయనే కథానాయకుడు. మూగ సినిమాల రోజుల్లో హాల్లో నిలబడి, తెరమీద జరిగేదాన్ని జనానికి వ్యాఖ్యానం చెప్పడంతో మొదలెట్టిన మనిషి. తెలుగువాళ్ళు కారు వెంట పరిగెత్తిన మొదటి హాస్యనటుడు ఆయనేనని మామగారు చెప్పేవారు. ఒకే సినిమాలో ఒకరు శిఖరం మీదున్నారు, ఒకరు మెట్టు ఎక్కుతున్నారు. తరవాత శివరావుగారికి వేషాలు తగ్గాయి, డబ్బు పోయింది. 1966లో ఆయన పోయారు. ఇది చెప్పినప్పుడల్లా మా అత్తగారు, "నవ్వించినవాడికి నిలవ ఉండదమ్మా" అనేవారు. ఆవకాయ గురించి చెప్పినట్టే చెప్పేవారు.

రమణారెడ్డి కథ ఇంకోలాంటిది. నెల్లూరు జిల్లా జగదేవిపేటవాడు. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేశాడు. గాలొస్తే ఎగిరిపోతాడా అన్నట్టుండేవాడు. ఆ లావుపాటి రేలంగి పక్కన ఈ బక్కపలచటి రమణారెడ్డి నిలబడితే చాలు, ఇంకా నోరు విప్పకముందే హాలంతా నవ్వు. 'మిస్సమ్మ'లో డేవిడ్, 'మాయాబజార్'లో చిన్నమయ్య ఈయనే. ఇంద్రజాలం కూడా నేర్చి ప్రదర్శనలు ఇచ్చేవాడు. తను ఎన్ని వేషాల్లో ఎందరి కొంపలు ముంచాడో లెక్కలేదు, మనకి కోపం మాత్రం ఒక్కసారీ రాలేదు.

1974 నవంబరు 11న రమణారెడ్డి పోయాడు. 53 ఏళ్ళు. పేపరులో చూసి, "ఇంక రేలంగి ఒంటరివాడైపోయాడు" అన్నారు మా అత్తగారు. ఆ తరవాత రెండు నెలలకి మా మామగారు పోయారు.

దానితో సినిమాలు ఆగిపోయాయి. ఎవరూ మానమనలేదు. ఎవరూ అననక్కర్లేదు. ఆ రోజుల్లో ఆ స్థితిలో ఉన్న ఆడమనిషి సినిమా హాల్లో కనిపిస్తే ఊరేమంటుందో అందరికీ తెలుసు. నేనొక్కదాన్నే మా వారితో వెళ్ళి వచ్చేదాన్ని. వచ్చాక ఆవిడ ఏమీ అడిగేవారు కాదు. నేను పక్కన కూర్చుని పప్పు ఏరుతూ కథ చెబితే మాత్రం వినేవారు. నవ్వేచోట కూడా ఊరికే తలాడించేవారు. పేకముక్కలు లేకపోయినా అరుగు మీద మగవాళ్ళ నవ్వులు కొన్నాళ్ళకి మళ్ళీ మొదలయ్యాయి. ఆవిడవి కాలేదు.

1975 నవంబరు 27న రేలంగిగారు పోయారు. మా ఊళ్ళోనే. పద్మశ్రీ వచ్చిన ఊళ్ళోనే. చివరి రోజుల్లో ఆరోగ్యం బాగులేక సినిమాలు తగ్గించుకున్నారని తెలుసు. అయిదేళ్ళు ఒకే ఊళ్ళో ఉండి, ఒక్కసారైనా ఆయన్ని దగ్గరగా చూడలేదు నేను. ఆడవాళ్ళం, ఎందుకు వెళ్తాం? ఆ పొద్దున వీధి గుమ్మం దగ్గరికి ఎవరో వచ్చి చెబితే మా అత్తగారు వంటింట్లోంచి విన్నారు. కాసేపు పొయ్యి ముందే కూర్చుండిపోయారు. తరవాత మా వారిని పిలిచి, "నువ్వు వెళ్ళి ఒక్కసారి చూసిరా నాయనా. నా తరఫున కూడా" అన్నారు.

మా వారు వెళ్ళి వచ్చారు. ఆవిడ ఏమీ అడగలేదు. ఆ పూట అన్నం మాత్రం సరిగ్గా తినలేదు. నాకు అప్పుడు తెలిసింది. నవ్వు మనిషికి సరదా కాదు, ఆధారం. అది పోయినప్పుడు మనిషి పోయినట్టే ఏడుస్తారు. అలా ఏడవడానికి కూడా ఆవిడకి వీల్లేకపోయింది, బంధువు కాదుగా!

తరవాత మా వారికి బ్యాంకులో బదిలీ అయి హైదరాబాదు వచ్చేశాం. 1977లో ఇక్కడ దూరదర్శన్ మొదలైంది. మేం టీవీ కొన్నది మాత్రం ఆ తరవాత ఆరేళ్ళకి. నలుపు తెలుపు పెట్టె, దానికి చెక్క తలుపులు, తాళం. వారానికోసారి తెలుగు సినిమా. ఆ పూట మా ఇల్లు ఇల్లు కాదు, నేల క్లాసు. చుట్టుపక్కల పిల్లలూ పెద్దలూ చాపల నిండా కూర్చునేవారు. మా అత్తగారు మాత్రం వంటింటి గుమ్మంలో, తలుపు చాటున పీట వేసుకునేవారు. "ముందుకు రండి అత్తయ్యగారూ" అంటే, "కనిపిస్తోందిలే" అనేవారు.

ఒకవారం 'మాయాబజార్' వేశారు. ఆ రోజు మామగారి అక్కగారు కూడా ఊరినుంచి వచ్చి ఉన్నారు. మా అత్తగారికి ఆడపడుచు. ఆవిడ ముందు మా అత్తగారు కూడా కొత్తకోడలే! సినిమా నడుస్తోంది. శర్మ శాస్త్రుల మీద తల్పం గిల్పమై తిరగబడింది, కంబళి గింబళై చుట్టేసింది. పెళ్ళిపీటలు వచ్చాయి. లక్ష్మణకుమారుడు కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలోంచి ఒక్కసారిగా నవ్వు వినిపించింది.

ఎనిమిదేళ్ళ తరవాత ఆ నవ్వు. నేను వెనక్కి తిరిగి చూశాను. చెంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయారావిడ. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"ఏమిటా ఇకిలింపు? పోయినవాడు పోయాక ఇంట్లో ఈ నవ్వులేమిటి? ఎవరైనా వింటే ఏమనుకుంటారు?" అన్నారు ఆడపడుచుగారు, అంతమంది ముందు.

గుమ్మంలో నవ్వు టక్కున ఆగింది. అది ఎలా ఆగిందో నాకు బాగా తెలుసు. మేక ఉత్తరీయం నమిలిననాడు నా నవ్వూ అలాగే ఆగింది.

ఎక్కడినుంచి వచ్చిందో నాకా ధైర్యం! పదమూడేళ్ళ కాపురంలో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పి ఎరగను. లేచి నిలబడ్డాను. నా ఎడమచెయ్యి దానంతటదే లేచింది. "నవ్వితే ఏమవుతుంది పెద్దమ్మగారూ? ఆవిడ ఇంట్లో ఆవిడ నవ్వుకుంటున్నారు. వినేవాళ్ళని విననివ్వండి. మీకు నవ్వు రాకపోతే లోపల పక్క వేస్తాను, పడుకోండి" అన్నాను. చేతిని ఎంత తిప్పానో నాకు తెలీదు గాని, చాపల మీది పిల్లలందరూ టీవీ మానేసి నన్నే చూశారు.

మా వారు తల దించుకుని చొక్కా గుండీ ఒకటి పరీక్షగా చూసుకుంటున్నారు. పెద్దమ్మగారు పడుకోవడానికి వెళ్ళలేదు. ఇంకో మాటా అనలేదు. ఇంకాసేపటికి, ఘటోత్కచుడు నిజరూపం చూపించేచోట, ఆవిడ కూడా కిసుక్కున నవ్వినట్టు నాకు అనుమానం.

రాత్రి అందరూ పడుకున్నాక వంటిల్లు సర్దుతున్నాను. మా అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా, "నువ్వూ సూర్యకాంతమైపోతున్నావే అమ్మాయ్" అన్నారు. అని, బొడ్లోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

పంచదార డబ్బాది.

ఆ తరవాత ఆవిడ పదమూడేళ్ళు బతికారు. పీట తలుపు చాటునుంచి హాల్లోకి వచ్చింది. రాజబాబు సినిమాలు కూడా టీవీలోనే చూశారు. అతను ఏటా తన పుట్టినరోజుకి ఒక పెద్ద నటుణ్ణి పిలిచి సత్కరించేవాడని నేను చదివి చెబితే, "బుద్ధిమంతుడు. తనకి దారి వేసినవాళ్ళని మరవలేదు" అని మెచ్చుకున్నారు. 1983లో అతను యాభై నిండకుండానే పోయాడు. మా జిల్లా పాలకొల్లు నుంచి వెళ్ళిన అల్లు రామలింగయ్యగారికి 1990లో పద్మశ్రీ వచ్చినప్పుడు, ఆవిడ అచ్చం 1970లో మా ఊరి మగవాళ్ళలాగే గర్వపడ్డారు. 'మాయాబజార్'లో ఆ గిల్పం మీద కూర్చున్న శర్మగారు ఈయనే మరి. 1994 డిసెంబరులో సూర్యకాంతంగారు పోయిన వార్త నేనే చదివి వినిపించాను. ఆవిడ విని, కళ్ళజోడు తీసి, "ఎంతమంది తిట్లు తిన్నదో పాపం, మనకోసం" అన్నారు.

మనకోసమే. అవును. మన అత్తగారిని తిట్టలేక ఆవిణ్ణి తిట్టుకున్నాం. మన మొగుణ్ణి చూసి నవ్వలేక రేలంగిని చూసి నవ్వుకున్నాం. మూడు గంటలు నవ్వుకుని ఇంటికొచ్చి, అలమారు తాళాలతో, చాలని కాఫీలతో మళ్ళీ సర్దుకుపోయాం. వాళ్ళు లేకపోతే ఎన్ని వంటిళ్ళు ఏమైపోయేవో!

ఇదంతా విని మా కోడలు కాసేపు కిక్కురుమనలేదు. తరవాత ఫోను తీసుకుని, "ఉండండత్తయ్యా, ఇప్పుడే పేరు మార్చేస్తాను" అంది.

చెయ్యి పట్టుకుని ఆపాను. "మార్చావంటే ఊరుకోను. ఆ పేరు సంపాదించుకోవడానికి నాకు పదమూడేళ్ళు పట్టింది. ఊరికే పోగొట్టుకుంటానా?"

మళ్ళీ ఇద్దరం నవ్వడం మొదలెట్టాం. లోపలినుంచి మా అబ్బాయి, "ఏమిటా గోల? ఆఫీసు ఫోన్లో మాట్లాడుతున్నాను!" అని అరిచాడు. నేను జవాబు చెప్పబోయేంతలో మా కోడలు అటు తిరిగి, "తలుపేసుకోండి!" అంది.

దాని ఎడమచెయ్యి లేచింది. నేను చూశాను.